మా ఊరి బావులూ బోర్లూ లెక్క రాసినప్పుడు

చిన్నతరహా నీటిపారుదల గణన అని ఒకటి ఉంటుందని ఆ పనిలో దిగేదాకా నాకు తెలియదు. జనగణన సంగతి అందరికీ తెలుసు, పశుగణన గురించి కూడా కొందరు వినే ఉంటారు. ఇది ఊళ్లో ఉన్న ప్రతి బావినీ, బోరునీ, కుంటనీ, చెరువునీ, వాగు మీద పెట్టిన మోటారునీ ఒక్కొక్కటిగా రాసే లెక్క. ఆయకట్టు 2,000 హెక్టార్లు దాటనిదేదైనా చిన్నతరహా కిందికే వస్తుంది. మొదటిసారి 1986-87ను ఆధారంగా తీసుకుని చేశారు. నేను ఎన్యూమరేటరుగా చేసింది ఆరో గణనకు, దాని ఆధార సంవత్సరం 2017-18.

మాది పాత నల్లగొండ జిల్లాలో కాలువ అందని వైపు. వానాకాలం చెరువు నిండితే పంట, లేకపోతే బావే దిక్కు అన్నట్టు ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు బోర్లు. ఈ మార్పు చిన్నప్పటి నుంచి కళ్ల ముందే జరిగింది కాబట్టి లెక్క రాయడంలో కొత్తేముంటుందిలే అనుకుంటూ వెళ్లాను. గడులు నింపడం మొదలుపెట్టాక గానీ అది ఏ వరుసలో జరిగిందో నాకు అర్థం కాలేదు.

శిక్షణ మండల ఆఫీసులో. ఊరి వివరాలకు ఒక షెడ్యూలు, భూగర్భ జలాలకు ఒకటి, ఉపరితల జలాలకు ఒకటి. ఆ విడతలో మొదటిసారిగా చెరువులూ కుంటల గణన కూడా కలిపారు, దానికి ఇంకొకటి. ఎక్కువసేపు నడిచిన చర్చ కొలతల మీదే. ఫారం హెక్టార్లలో, మీటర్లలో అడుగుతుంది. రైతు ఎకరాలు, గుంటలు అంటాడు. పాత బావి లోతు గజాల్లో చెబుతాడు, బోరు లోతు అడుగుల్లో చెబుతాడు. గుంటంటే దాదాపు హెక్టారులో నూరో వంతు, కాబట్టి ఎకరాలన్నీ గుంటలు చేసి వందతో భాగిస్తే చాలని మా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి చెప్పాడు. శిక్షణ మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క అదే.

రూలు ప్రకారం 35 మీటర్ల లోతు దాకా ఉన్నది తక్కువ లోతు బోరు, 35 నుంచి 70 దాకా మధ్యరకం, అది దాటితే లోతైనది. 70 మీటర్లంటే 230 అడుగులు. మా ఊళ్లో ఎవరి బోరైనా అంతకంటే లోతే ఉంటుంది. తక్కువ లోతు గడి నా ఫారాల్లో ఖాళీగా మిగిలిపోయింది.

మొదట పహాణీ, అంటే ఊరి భూముల రెవెన్యూ రికార్డు, నకలు పట్టుకుని బయల్దేరాను. అందులో నీటి వనరు కాలమ్ ఉంటుంది కదా, సర్వే నంబర్ల వారీగా పోతే సరిపోతుందనుకున్నా. తీరా చూస్తే పహాణీలో బావి అని ఉన్న చోట సీతాఫలం చెట్లున్నాయి. మెట్ట అని ఉన్న చోట మూడు బోర్లు పోస్తున్నాయి. కాగితం పక్కన పెట్టి మా చిన్నాయనను వెంటేసుకున్నాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఊళ్లో ఏ బావి ఎవరు తవ్వించారో, ఏ సంవత్సరం ఎవరు అమ్ముకున్నారో నోటికి చెబుతాడు.

సంవత్సరం అడిగినప్పుడు మాత్రం అంకె రాదు. ‘రజాకార్ల లొల్లి అయినంక’, ‘ఊరికి కరెంటు వచ్చిన ఏడు’, ‘రామారావు గెలిచిన ఎండకాలం’. ఇలాంటివి మొదట ఇబ్బందిగా అనిపించాయి గానీ తర్వాత ఇవే నయమనిపించింది. 1983 అని ఎవరైనా టక్కున చెబితే అనుమానపడాల్సి వచ్చేది, ‘రామారావు గెలిచినప్పుడు’ అంటే నమ్మవచ్చు. బోర్ల విషయంలో ఇంత కష్టం లేదు. రిగ్గు వాళ్లు అడుగుకు ఇంత అని బిల్లు వేస్తారు కాబట్టి బోరు లోతు ఎవరూ మరిచిపోరు. అప్పు తీరేదాకా అది గుర్తుంటుంది, తీరాక కూడా ఉంటుంది.

పాత బావులు రాయడం దగ్గర నేను ఎక్కువ కాలం గడిపాను, సూపర్‌వైజరు విసుక్కున్నా సరే. పొలిమేర దగ్గర ఒక పెద్ద బావి ఉంది, రాతి కట్టడం, ఒకవైపు మోట కొట్టిన దిమ్మె ఇంకా నిలబడే ఉంది. యజమాని పేరేమిటంటే చిన్నాయన నవ్వాడు.

‘ఒక్కని బాయి గాదు బిడ్డా, నాలుగిండ్ల బాయి. ఎవని పూట వానిది.’

నాలుగు వాటాలు, నాలుగు వంతులు. ఒకరి ఎడ్లకు దెబ్బ తగిలితే ఇంకొకరి ఎడ్లు మోట కొట్టాయి. ఎండాకాలం పూడిక తీయాలంటే నాలుగిళ్ల మనుషులూ దిగాలి. ఫారంలో యాజమాన్యం గడికి ‘రైతుల బృందం’ అనే కోడ్ ఉంది. అది వేసుకున్నాను. కింద ‘వాడకంలో ఉందా’ అన్న చోట లేదు. ‘శాశ్వతంగానా, తాత్కాలికంగానా’ అంటే శాశ్వతంగా. ‘కారణం’ దగ్గర ఎండిపోయింది.

ఈ నాలుగు కోడ్లూ ఒకే వరుసలో పడటం అక్కడితో ఆగలేదు. నేను బృందం అని రాసిన బావులు దాదాపు అన్నీ వాడకంలో లేని లెక్కలోకే పోయాయి. వాడకంలో ఉన్న బోర్లన్నీ ‘వ్యక్తిగతం’. మా ఊరి సేద్యం అరవై ఏళ్లలో ఎట్లా మారిందో ఆ రెండు కోడ్లలోనే ఉంది.

ఆ పెద్ద బావి ఎండిపోయిన వరుస చిన్నాయన చెప్పింది ఇది. మోట పోయి మొదట ఆయిల్ ఇంజన్ వచ్చింది. అది కూడా నలుగురూ డీజిల్ పోసుకుని వంతులవారీగానే నడిపారు. తర్వాత కరెంటు. ఎనభైల్లో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టాక, ఎంతసేపు నడిపినా బిల్లు అంతే కాబట్టి ఎవరి మోటారు వాళ్లు పెట్టుకున్నారు. ఒకే బావి మీద నాలుగు మోటార్లు. కరెంటు ఉన్న కొన్ని గంటల్లోనే నాలుగూ నడిస్తే మధ్యాహ్నానికి అడుగు కనపడేది. వంతుల మాట పోయింది. ముందు ఎవరు స్విచ్ వేస్తే వాళ్లవే నీళ్లు. దాంతో బావిని ఇంకా లోతు చేశారు, తర్వాత గోడల్లోకి అడ్డంగా సైడు బోర్లు కొట్టించారు, ఆ తర్వాత బావి అడుగునే నిలువు బోరు వేశారు. అది కూడా తగ్గాక ఒకాయన తన చెల్కలో సొంతంగా బోరు వేయించుకున్నాడు. రెండేళ్లలో మిగిలిన ముగ్గురూ వేయించుకున్నారు. బావిలోకి ఊట రావడం ఆగిపోయింది.

‘ఎండిపోయింది’ అనే కోడ్ తప్పు కాదు. బావి నిజంగానే ఎండిపోయింది. దాన్ని ఎండబెట్టిన వాళ్లు దాని వాటాదారులే అన్న సంగతికి మాత్రం కోడ్ లేదు. వాళ్లను తప్పుపట్టడానికి కూడా నాకు మనసొప్పదు. పక్కవాడు నాలుగు వందల అడుగుల నుంచి తోడుతుంటే నువ్వు మాత్రం పన్నెండు గజాల బావి దగ్గర వంతు కోసం ఎంతకాలం కూర్చుంటావు?

బావిలో బోరు వేసినవి ఇంకో తలనొప్పి. నిబంధన ప్రకారం వాటిని బావుల కిందే రాయాలి. పైన చూస్తే బావి, నీళ్లు వచ్చేది రెండు వందల అడుగుల కింది నుంచి. అంటే లెక్కలో కనబడే ‘బావుల’ సంఖ్యలో అసలు ఊట బావులు ఎన్ని, లోపల గొట్టం దించినవి ఎన్ని అన్నది మొత్తం అంకె చూస్తే తెలియదు. ఇంకొన్ని బావులు తొట్ల లాగా వాడినవి. కరెంటు ఏడు గంటలు, తొమ్మిది గంటలు అన్నట్టున్న రోజుల్లో, అదీ సగం రాత్రిపూట ఇచ్చినప్పుడు, బోరు నీళ్లు ఎండిన బావిలోకి వదిలిపెట్టి, పొద్దున ఇంకో మోటారుతో పొలానికి పారించుకునేవాళ్లు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ అవసరం పోయింది. ఆ బావులు రెండోసారి పాడుబడ్డాయి. కొన్నింటిని జేసీబీతో పూడ్చి మడి కలుపుకున్నారు.

కరెంటు గురించి ఫారం అడిగేది రెండే ముక్కలు, ఏ ఇంధనంతో నడుస్తుంది, మోటారు ఎన్ని హెచ్‌పీ. కరెంటు అంటారు, అయిదు అంటారు, రాసుకుంటాం. అయిదు అన్న మోటారు నిజానికి ఏడున్నర అయ్యే అవకాశం ఎంతుందో ఊళ్లలో ఉండేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పక్కన గుంపుగా నిలబడ్డ నలుగురిలో ఒకరు నవ్వితే అర్థం చేసుకోవాలి. స్టార్టర్ డబ్బాల దగ్గర ఆటోస్టార్టర్ల గుర్తులు కూడా కనిపించాయి. 24 గంటల సరఫరాకు ముందు వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. ఎందుకంటే కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేచేవి, వోల్టేజీ పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. అయితే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రాత్రి రెండింటికి లేచి పాములూ తేళ్ల మధ్య స్టార్టర్ దగ్గరికి నడిచిపోవడం ఎవరికిష్టం? ఆ డబ్బా పెట్టుకున్నవాడిని దొంగలా చూడటం నాకు మొదటి నుంచీ నచ్చదు.

ఇక్కడే నాకు ఇంకొకటి తట్టింది. బావి పొత్తు పోయింది గానీ పొత్తు పూర్తిగా పోలేదు, ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మారింది. దాని కింద పది పన్నెండు మోటార్లుంటాయి. కాలిపోతే ఆ పది పన్నెండు మందే చందాలు వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, రిపేరు షెడ్డుకు మోసుకుపోయి, మళ్లీ తెచ్చి ఎక్కించుకుంటారు. చందా ఇవ్వనివాడితో మాటలుండవు. ఎవరి లోడు ఎక్కువ, ఎవరి వల్ల ఫ్యూజు కొట్టేస్తోంది అన్న పంచాయితీలన్నీ ఇక్కడే. వెనక నాలుగిళ్ల బావి దగ్గర జరిగిన కొట్లాటలు ఇవేనని చిన్నాయన అంటాడు. ఫారంలో ట్రాన్స్‌ఫార్మర్ ప్రస్తావన లేదు. నీటిపారుదల లెక్కలో దానికేం పని అని ఎవరైనా అడగొచ్చు. మా ఊళ్లో మాత్రం నీళ్లు పంచేది అదే.

ఖర్చు గడి దగ్గర ఎవరూ ఒక అంకెతో ఆగరు. ఫారం ఈ బోరుకు ఎంతయిందని అడుగుతుంది. దీనికి ముందు వట్టిపోయిన బోర్ల సంగతి అడగదు. ఒక అక్క తన చేతి వేళ్లు మడుస్తూ, ‘ఇది నీళ్లు పడ్డది సారూ, పడనియి రాసుకోవా?’ అంది. వాటి కథ నా నోట్‌బుక్కులో విడిగా రాసుకున్నాను, ఆఫీసుకు పంపలేదు, పంపినా వేసే చోటు లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బావి, బోరు ఏదైనా నమోదు చేయించాలి. నేను తిరిగిన చోట ఆ కాగితం చూపించినవాళ్లు అరుదు, ఆ చట్టం పేరు విన్నవాళ్లు కూడా అంతే.

ఆ విడతలో యజమాని స్త్రీయా పురుషుడా అన్నది కూడా అడిగారు. ఇది నేను అనుకున్నంత తేలిక కాలేదు. పాసుపుస్తకం భార్య పేరిట ఉంటుంది, మాట్లాడేది భర్త, అతను చెప్పేది తన పేరే. పాసుపుస్తకం తెమ్మని అడిగితే గానీ తేలదు. పత్తి ఏరుతున్న ఒకామె దగ్గరికి పోయి ‘అమ్మా, ఈ బోరు మీదేనా’ అంటే, ‘నాదెక్కడిది, ఆయనది’ అంది. పుస్తకంలో ఆమె పేరే ఉంది. ఆ పేరే రాశాను. తర్వాత వచ్చిన జాతీయ నివేదికలో వ్యక్తుల చేతిలో ఉన్న వనరుల్లో స్త్రీల వాటా 18.1 శాతం అని చూసినప్పుడు, అందులో ఇలా తేలిన పేర్లు ఎన్నో, తేలనివి ఎన్నో అనుకున్నాను.

చెరువు షెడ్యూలు చివరికి పెట్టుకున్నాను. దీనికి ఫోన్‌లో యాప్ ఇచ్చారు, గట్టు మీద నిలబడి ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలు పంపాలి. సిగ్నల్ కోసం కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం తప్పిస్తే ఆ పని సులువే. కబ్జా ఉందా అన్న ప్రశ్నకు ఊళ్లో ఎవరూ పెద్దగా నోరు విప్పరు, అది ఊహించిందే.

మా చెరువుది పాత గొలుసుకట్టు. పైన కుంట మత్తడి దుంకితే నీళ్లు దీనిలోకి వస్తాయి, ఇది దుంకితే కింది ఊరి చెరువులోకి పోతాయి. తూము దగ్గర నీళ్లు వదలడానికి ఒక నీరటి కుటుంబం ఉండేది. ఏ మడికి ఎంతసేపు అన్నది వాళ్ల చేతిలో ఉండేది, పంట మీద గింజలు కొలిచేవాళ్లు. ఆ ఇంటి మగపిల్లలు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు. చాలా ఏళ్లు చెరువు పూడిపోయి, తుమ్మ చెట్లు మొలిచి ఉండేది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువు వంతు కూడా వచ్చింది. పూడిక తీశారు, రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఒండ్రుమట్టి చెల్కలకు తోలుకున్నారు. తూముకు కొత్త షట్టర్ పెట్టారు. దాని తర్వాత మంచి వాన పడ్డ ఏడు చెరువు నిండింది.

ఇక ఫారం ప్రశ్న, ఈ చెరువు దేనికి వాడుతున్నారు? సాగునీరు, తాగునీరు, చేపలు, భూగర్భ జలాల పెంపు, ఇలా కోడ్లున్నాయి. ఆయకట్టు రైతులను పిలిచి, తూము కింద ఈ యాసంగి ఎన్ని ఎకరాలు పారిందని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

‘తూము తెరవలే సారూ’ అన్నాడొకాయన. ‘తెరిస్తే నెల రోజుల్ల ఒడుస్తది. మూసి పెడితే బోర్లు ఎండకాలం దాకా పోస్తయి.’

పూడిక తీసి, కొత్త షట్టర్ పెట్టిన తూమును ఊరే ఒప్పందం మీద మూసి పెట్టింది. ఆయకట్టు పొలాలకు కూడా బోర్లున్నాయి, అందుకని వాళ్లకూ అభ్యంతరం లేదు. చేపల సొసైటీ వాళ్లకైతే ఇంకా మంచిది, నీళ్లు నిలబడితేనే చేప పెరుగుతుంది. అభ్యంతరం చెప్పేది చివరి మడుల్లో బోరు లేని ముగ్గురు నలుగురు. వాళ్ల మాట గ్రామసభలో నిలబడలేదు. ఒకప్పుడు చెరువు నీళ్లు కాలువ గుండా కనబడుతూ వచ్చేవి, ఎవరికి ఎంత అందిందో అందరికీ తెలిసేది. ఇప్పుడు అవే నీళ్లు భూమిలో నుంచి వెళుతున్నాయి. ఎవరి బోరు లోతుగా ఉంటే వాళ్లకు ఎక్కువ.

మరి సాగునీరని రాయాలా, భూగర్భ జలాల పెంపని రాయాలా? సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, ‘ఆయకట్టు ఉన్న చెరువే కదా, సాగునీరనే వేయి’ అన్నాడు. నిర్వచనం ప్రకారం అతని మాటలో తప్పులేదు. అలాగే వేశాను. ఆయకట్టు ఇంత, అందులో పారింది సున్నా. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసిన వాళ్లెవరైనా ఈ చెరువు దండగ అనుకుంటారు. ఊళ్లో అడిగితే చెరువు లేకపోతే ఒక్క బోరూ పోయదంటారు.

పంటల గురించి ఎక్కువ రాయను, అది అందరికీ తెలిసిన కథే. జొన్న, సజ్జ, ఆముదం ఉన్న చెల్కల్లోకి పత్తి వచ్చింది, బోరు పడ్డ చోట వరి వచ్చింది. నీళ్లు తక్కువైన నేలలో వరి ఎందుకేస్తున్నారని సలహాలు ఇచ్చేవాళ్లు ఒక సంగతి గమనించాలి. వరికి కోత మిషన్ ఇంటి ముందుకు వస్తుంది, కొనుగోలు కేంద్రం ఊళ్లోనే పెడతారు, మద్దతు ధరకు కాంటా పెడతారు. ఆముదానికీ సజ్జకూ ఇందులో ఏదీ ఇంత దగ్గరలో లేదు. నా ఫారంలో నీటి పంపిణీ పద్ధతి అన్న గడిలో డ్రిప్ అని రాసింది బత్తాయి తోటలకే. మిగతావన్నీ మట్టి కాలువ, లేకపోతే పైపు.

నివేదికలు 2023లో వచ్చాయి. దేశం మొత్తం మీద 2.31 కోట్ల చిన్నతరహా వనరులు, అందులో 94.8 శాతం భూగర్భ జలాలవే. చెరువులూ కుంటలూ ఇతర జలాశయాలూ 24,24,540, అందులో తెలంగాణవి 64 వేలకు పైగా. కబ్జాకు గురైనవి 1.6 శాతం అన్న అంకె దగ్గర మాత్రం కాసేపు ఆగాను. మా కట్ట మీద జనం నోరు విప్పని తీరు చూసినవాడిని కాబట్టి, ఆ శాతాన్ని కనీసం ఇంత అని చదువుకోవాలి తప్ప ఇంతే అని కాదని నా అభిప్రాయం.

ఏడో గణనకు 2023-24 ఆధార సంవత్సరం, కాగితం బదులు ఫోన్‌లోనే నింపాలి. ఆ పని మీద నన్ను అడిగిన ఒక కుర్రాడికి చెప్పింది ఇక్కడా రాస్తున్నా. సర్వే నంబర్ల వారీగా వెళ్లొద్దు. ముందు లైన్‌మన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా తీసుకో. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చందా వసూలు చేసే మనిషి ఒకడుంటాడు, అతన్ని పట్టుకో. తన కింద ఎన్ని మోటార్లున్నాయో, ఏది నడుస్తోందో, ఏది ఎండిందో, ఎవరిది అయిదు ఎవరిది ఏడున్నరో అతనికి తెలియంది ఉండదు. పాడుబడ్డ బావులకు మాత్రం ఒక ముసలాయనను వెంట తీసుకుపో, పొద్దున్నే పో, ఎండెక్కితే ఆయన నడవలేడు.